కుడివైపు కప్పు

మొన్న మనవరాలి సైకిల్ తీసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్ద దుకాణానికి వెళ్లాను. తొక్కుతుంటే కింద కిర్రుమంటోందని ఆ పిల్ల గొడవ. అద్దాల తలుపులు, ఏసీ, గోడ నిండా హెల్మెట్లు. మెకానిక్ సైకిల్‌ను స్టాండుకు ఎత్తి, పెడల్ కడ్డీలు ఊడదీసి, ఫ్రేము అడుగున ఉన్న అడ్డగొట్టంలోంచి గుండ్రటి ముక్క ఒకటి బయటికి లాగాడు. దాని వెంట నల్లటి జిగురు సాగి సాగి నేల మీద పడింది.

"బీబీ, అంటే ఈ ఇరుసు ముక్క, పోయింది మేడమ్. దీన్ని రిపేరు చెయ్యరు. తీసి పారేసి, కొత్తది కొట్టి కూర్చోబెడ్తం. దీనికి అసలు చూడీలే ఉండయి" అన్నాడు.

చూడీలంటే మరలు. ఆ మాట విని ఎన్నేళ్లయిందో. దానితోపాటే ఆ నల్ల జిగురు వాసన ముక్కుకు తగిలింది. బయటికి వచ్చి మెట్రో స్తంభం పక్కన వంగి ఉమ్మేశాను. మనవరాలు నీళ్ల సీసా తెచ్చి, "ఏమైంది అమ్మమ్మా?" అంది. గ్రీజు వాసన పడదన్నాను. అంతకంటే ఆ పిల్లకు చెప్పలేదు.

నాకు పదకొండేళ్లప్పుడు ఎల్‌బీ నగర్ అంటే ఊరు అయిపోయిన చోటు. పెద్ద రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్ష తోటలు. ఎండాకాలం మొదలయ్యేసరికి పందిళ్ల మీద నుంచి పచ్చివాసన ఇళ్లలోకి వచ్చేది. అమ్ముడుపోని కాయను తోటల వాళ్లు రోడ్డు పక్కన కుప్పలు పోసేవారు. రెండు రోజులకే అవి పులిసి, నురుగు కట్టి, ఈగలు ముసిరి, కల్లు కాంపౌండు వాసన కొట్టేవి. బడికి పోయేటప్పుడు ఆ కుప్పల్లో కాలు పెట్టి చితక్కొట్టడం మాకు ఆట.

మాది ఊరి నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఒక కాంపౌండులో రెండు గదుల కిరాయి ఇల్లు. నాయిన మలక్‌పేటలో ఒక ప్రెస్సులో కంపోజిటర్. సీసపు అక్షరాలను గళ్లలోంచి ఒక్కొక్కటే ఏరి, పుల్ల అనే ఇనుప పట్టీలో తిరగేసి పేర్చే పని. ఆయన కుడిచెయ్యి గళ్ల మీద కోడి గింజలేరినట్టు తిరుగుతుందని ప్రెస్సు వాళ్లు చెప్పుకునేవారు. చర్చిలో సంఘ పెద్దల్లో ఒకడు. ఆదివారం పాటల కాగితం ఆయనే అచ్చేసి తెచ్చేవాడు. ఆయనకున్న ఒకే ఒక్క సోకు ఆ నల్ల సైకిల్. రోజూ పొద్దున కొబ్బరినూనె గుడ్డతో తుడిచి గానీ ఎక్కేవాడు కాదు. నేను దాని కడ్డీ కిందనుంచి కాలు దూర్చి కాంపౌండంతా తొక్కేదాన్ని.

అమ్మ తమ్ముడు, మా మామ, కొత్తపేటలో పండ్ల మార్కెట్టుకు పోయే దారిలో సైకిల్ రిపేరు దుకాణం నడిపేవాడు. రేకుల షెడ్డు, ముందర పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి. ఆ నీళ్ల మీద నూనె తెట్టె, చచ్చిన ఈగలు. వెనకాల మార్కెట్టు నుంచి పారేసిన బత్తాయిలు, మామిడిపండ్లు కుళ్లి కారుతుండేవి. అప్పుడు నాకు ఇందులో దేనికీ రోత లేదు. బడి వదిలిపెట్టగానే అక్కడికే పరుగు. పంక్చర్లు అంటించే సొల్యూషన్ అరచేతికి పూసుకుని, ఆరాక చర్మంలా ఒలుచుకునేదాన్ని. ఇనుప గుండ్లు గౌను జేబులో వేసుకుని గోలీలుగా ఆడేదాన్ని. మామకు తెలుసు. చూడనట్టు ఉండేవాడు. చర్చిలో డోలక్ వాయించేవాడు, నవ్వించేవాడు. నాయిన కంటే మామ అంటేనే నాకు ఎక్కువ ఇష్టమని అందరికీ తెలుసు.

ఒక శనివారం నాయిన సైకిల్‌ను అక్కడ వదిలి బస్సులో ప్రెస్సుకు వెళ్లాడు. తొక్కుతుంటే కింద కరకరమంటోందని చెప్పాడు. మధ్యాహ్నం నేను వెళ్లేసరికి మామ దాన్ని తలకిందులుగా నిలబెట్టి పని చేస్తున్నాడు.

అప్పటి సైకిళ్ల కడుపు ఎలా ఉండేదో చెప్పాలి. రెండు పెడల్ కడ్డీలను కలిపే ఇరుసు ఒక అడ్డగొట్టంలో ఉంటుంది. ఆ గొట్టానికి రెండు చివర్లా లోపలివైపు మరలు కోసి ఉంటాయి. కుడివైపు ఒక ఇనుప కప్పు, ఎడమవైపు ఒక కప్పు ఆ మరల్లో బిగుస్తాయి. కప్పులకూ ఇరుసుకూ మధ్య గ్రీజులో గుండ్లు దొర్లుతాయి. అంతే. మనిషి బరువంతా, తొక్కే బలమంతా ఆ రెండు కప్పుల మీద ఉంటుంది.

మామ ఎడమ కప్పును పానాతో విప్పాడు. సులువుగా వచ్చింది. లోపలి నుంచి కుళ్లిన గ్రీజు, తుప్పు నీళ్లు, ఒక బొద్దింక రెక్క బయటికి జారాయి. కుడి కప్పు గీతలు పడి అరిగిపోయింది, అదీ మార్చాలన్నాడు. దాన్ని కూడా ఎడమదాన్ని తిప్పినవైపే తిప్పాడు. కదల్లేదు. పానాకు ఇనుప పైపు తొడిగాడు. అయినా కదల్లేదు. అప్పుడు పైపు మీద కాలు పెట్టి, షెడ్డు గుంజ పట్టుకుని ఎగిరి తొక్కాడు.

టక్కుమంది. కప్పు గిర్రున తిరిగి చేతికి వచ్చింది. దాని వెంట గొట్టంలోంచి సన్నటి ఇనుప తీగలు, మెరిసే వెంట్రుకల్లాంటివి, నా కాళ్ల దగ్గర పడ్డాయి. ముచ్చటేసి ఒకటి తీసుకోబోతే వేలు కోసుకుంది.

మామ కప్పును అటూ ఇటూ తిప్పి చూశాడు. "అరె, గిది ఉల్టా కద" అని తనలో తాను అనుకున్నాడు. నాకేమీ అర్థం కాలేదు. కొత్త కప్పు తెచ్చి పెట్టి చూశాడు. అది బిగుసుకోకుండా, మూత కుదరని సీసాలా లోపలికీ బయటికీ ఆడింది. కాసేపు ఆలోచించి, షెడ్డు మూల నుంచి పాత పౌడర్ డబ్బా తీసి కత్తెరతో సన్నగా రేకు కోశాడు. దాన్ని కప్పు చుట్టూ చుట్టి, సుత్తితో కొట్టి గొట్టంలోకి దిగ్గొట్టాడు. పైన గ్రీజు దట్టంగా పూసి, గుడ్డతో తుడిచాడు. బయటికి ఏమీ కనిపించలేదు.

"మీ నాయినకు చెప్పకు బిడ్డా. ఫ్రేము పోయిందంటే పరేషాన్ అయితడు. రెండు దినాలల్ల నేనే ఏరే ఫ్రేము సూసి ఏస్త. అప్పటిదాక నీకూ నాకే ఎరుక" అన్నాడు.

పక్క బండి నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. తనే కాగితంలోంచి తీసి ఇచ్చాడు. బజ్జీ మీద అతని వేళ్ల ముద్రలు నల్లగా పడ్డాయి. కొరికితే కిరసనాయిలు వాసన. నాలుగు తిన్నాను. ఒక రహస్యంలో పెద్దవాళ్లతో పాటు నాకూ వాటా దొరికిందని ఎంత సంతోషపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండు రోజులు పోయాయి, పది రోజులు పోయాయి. మామ ఫ్రేము తేలేదు. నేను మరిచిపోయాను.

ఒక సాయంత్రం ఎల్‌బీ నగర్ చౌరస్తాకు ముందు ఎత్తురోడ్డు మీద నాయిన లేచి నిలబడి తొక్కుతుండగా కుడి కప్పు ఊడింది. ఇరుసు వంగింది, పెడల్ కింద పడిపోయింది, ఆయన ఎగిరి రోడ్డు పక్కన పడ్డాడు. లారీ ఒకటి అరచేతి దూరంలో పోయిందట. పడింది పులిసిన ద్రాక్ష కుప్పలో. కుప్ప కింద రాయి ఉంది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ముందు పళ్లు రెండు పోయాయి.

తోట కూలీలు దవాఖానకు చేర్చారు. మేము వెళ్లేసరికి ఆయన చొక్కా, జుట్టు, ఒళ్లు మొత్తం పులిసిన వాసన. నోట్లోంచి నెత్తురు. ఆ వాసన చూసి పక్క మంచం ఆవిడ చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆమెకు మా చర్చిలో చుట్టాలు ఉన్నారు. ఆదివారానికల్లా సంఘం మొత్తం అదే మాట. పెద్దమనిషి తాగి పడ్డడు.

నాయిన ఇంటికి వచ్చిన వారంలో ఇద్దరు పెద్దలు వచ్చి కూర్చున్నారు. చాయ్ తాగారు. "మేమైతే నమ్మం. కానీ పదిమంది పది తీర్ల అనుకుంటున్నరు. కొన్ని దినాలు పెద్దరికం పక్కకు పెట్టు, మంచిగుంటది" అన్నారు. నాయిన పళ్లు లేని నోటితో "నేను తాగలే" అన్నాడు. వాళ్లు తల ఊపుతూ బిస్కెట్లు తిన్నారు.

మామ రోజూ వచ్చేవాడు. బత్తాయిలు తెచ్చి, రసం తీసి, నాయిన తల ఎత్తి తాగించేవాడు. ఒకరోజు ప్రార్థనకు వచ్చినవాళ్లు తాగుడు సంగతి నసుగుతుంటే నేను మామ ముఖం చూశాను. బండి చెడిన సంగతి ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. మామ కళ్లు మూసుకుని, "ప్రభువా, మా బావ బలహీనతను క్షమించు" అని గట్టిగా ప్రార్థన చేశాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి. అవి నిజం నీళ్లే. ఆమెన్ అని నేనూ అన్నాను. అన్నాక నోరు కడుక్కోవాలనిపించింది.

అయినా అప్పటికింకా నాకు పూర్తిగా తెలియదు. కప్పు మారిస్తే సైకిల్ ఎందుకు పడుతుంది? పెద్దవాళ్ల పని, ఏదో అయ్యుంటుందని నన్ను నేను సముదాయించుకునేదాన్ని.

మా కాంపౌండులోనే కోస్తా నుంచి వచ్చిన మాస్టారు ఒకరు ఉండేవారు. పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు పాఠం చెప్పేవారు. మెట్ల కింద పడేసిన నాయిన సైకిల్‌ను చూసి, బాగు చేసిపెడదామని ఒక మధ్యాహ్నం బయటికి లాగారు. నేను పక్కన కూర్చున్నాను.

"ఇదేమిటమ్మా, ఇక్కడ రేకు ఎందుకుంది?" అన్నారు.

పళ్లచక్రం వెనక కప్పు వేలాడుతోంది. దానికి అంటుకుని నలిగిన పౌడర్ డబ్బా రేకు. మాస్టారు వేలు పెట్టి గొట్టం లోపల తడిమారు.

"మరలన్నీ కోసుకుపోయాయే. ఎవడో కుడి కప్పుని మామూలు కప్పులాగా తిప్పాడు. విప్పుతున్నాననుకుని బిగించాడు, బిగించి బిగించి తెంపేశాడు."

"కుడిదానికి ఏరే తీరుగ తిప్పాల్నా?" అని అడిగాను.

"నీ గాజొకటి ఇలా ఇవ్వు." గాజును బల్ల మీద పెట్టి, లోపల పెన్సిల్ నిలబెట్టి, అంచుకు ఆనించి గుండ్రంగా దొర్లించారు. "చూడు. పెన్సిలు కుడికి చుట్టు తిరుగుతోంది. తను మాత్రం ఎడమకి దొర్లుతోంది. కప్పులో గుండ్లు కూడా ఇంతే, ఎదురు తిప్పుతాయి. మామూలు మరలుంటే తొక్కగా తొక్కగా కప్పు ఊడొచ్చేస్తుంది. అందుకే కుడి కప్పుకి మరలు ఎదురుగా కోస్తారు. బిగించడం ఎడమకి, విప్పడం కుడికి. పని నేర్చుకునేవాడెవడికైనా మొదటి వారంలోనే చెబుతారిది."

"తెలిసినోళ్లు మర్చిపోతరా సార్?"

"మర్చిపోవచ్చు. మర్చిపోతే ఫ్రేము పాడవుతుంది, అంతే. తప్పు అది కాదు." రేకు ముక్కను రెండు వేళ్లతో ఎత్తి చూపించారు. "ఇది మర్చిపోయి పెట్టింది కాదు కదమ్మా. ఇది పెట్టినవాడికి, ఇది ఊడుతుందని తెలుసు. దీని మీద మనిషి ఎక్కుతాడని కూడా తెలుసు."

మామ అన్న ఉల్టా అనే మాట అప్పుడు చెవిలో వినిపించింది. మాస్టారి చెప్పుల దగ్గరే వాంతి చేసుకున్నాను. ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి పోశారు.

ఆ రేకు తీసుకుని లోపలికి వెళ్లాను. నాయిన కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ఆయన ఎడమ అరచేతిలో పెట్టాను.

"ఇదేంది?"

"మామ పెట్టిండు. కప్పు ఉల్టా తిప్పి చూడీలు తెంపిండు. తెంపి గిది పెట్టి కొట్టిండు. నేను సూసిన."

నాయిన రేకును వేళ్లతో తిప్పి చూశాడు. మామ మీద కోపం వస్తుందనుకున్నాను.

"నువ్వు ఎప్పుడు సూసినవ్?"

"పడకముందే."

అప్పుడు నన్ను చూశాడు. అన్నంలో పురుగు కనిపిస్తే మనిషి ముఖం ఎలా ముడుచుకుంటుందో అలా చూశాడు. "జర అవతలికి పో బిడ్డా" అని గోడవైపు తిరిగాడు. కొడితే బాగుండేది.

గుమ్మం దగ్గర బియ్యం చెరుగుతున్న అమ్మ అంతా విన్నది. చేట కింద పెట్టింది. లేచి వచ్చి, నాయిన చేతిలోని రేకు తీసుకుని కొంగున ముడేసుకుంది.

అమ్మ చర్చిలో ఎప్పుడూ నోరు తెరిచి ఎరగదు. పాటలు కూడా పెదవులతోనే పాడేది. నాయిన కట్టు చేత్తోనే మాతో వచ్చిన ఆ ఆదివారం, ఒక్కొక్కరూ లేచి తమ అనుభవం చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఆడవాళ్ల వైపు నుంచి లేచి నిలబడింది. కొంగు ముడి విప్పి రేకు తీసింది.

"నా పెనిమిటి తాగలేదు. పులిసిన ద్రాక్షల పడ్డడు, గందుకే వాసన. బండి చెడగొట్టింది నా తోడబుట్టినోడు. గీ రేకు పెట్టి దాచిండు. దాచి, ఆయన బలహీనత క్షమించుమని నా ఇంట్ల ప్రార్థన చేసిండు." నావైపు తిరిగింది. "సూసినవా లేదా, చెప్పు."

"సూసిన" అన్నాను.

మామ ఒళ్లో డోలక్ ఉంది. దాన్ని మెల్లగా పక్కన పెట్టి, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచాడు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. ప్రార్థన అయ్యాక ఆ ఇద్దరు పెద్దలే ముందుగా వచ్చి నాయిన ఎడమచెయ్యి పట్టుకుని ఊపారు. ఒకాయన నా తల మీద చెయ్యి పెట్టి, నిజం చెప్పిన బిడ్డ అని అందరికీ వినిపించేలా మెచ్చుకున్నాడు. ఇంటికి వచ్చి తలకు పోసుకున్నాను. నాయిన చూసిన చూపు నా మీద ఉండగా, ఆ మెచ్చుకోలు ఒంటికి అంటుకున్న గ్రీజులా అనిపించింది.

కట్టు విప్పాక నాయిన చెయ్యి వంకరగా అతుక్కుంది. పళ్లెంలో చింతగింజలు పోసుకుని రోజూ రెండు వేళ్లతో ఏరడం సాధన చేసేవాడు. గింజ వేళ్ల మధ్య నిలిచేది కాదు. జారి నేల మీద దొర్లితే మళ్లీ మొదలుపెట్టేవాడు. ప్రెస్సు వాళ్లు దయతలచి ప్రూఫులు దిద్దే పని ఇచ్చారు. ఎడమచేత్తో దిద్దేవాడు. అక్షరాల గళ్ల దగ్గరికి మళ్లీ పోలేదు. మరలు కోయడానికి గొట్టంలో ఇనుము మిగల్లేదని మాస్టారు చెప్పారు. సైకిల్‌ను పాత ఇనుము వాడు తూకానికి పట్టుకుపోయాడు. మామ దుకాణం మూసేసి ఎటో వెళ్లాడని విన్నాం.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మామ మా గుమ్మంలో నిలబడ్డాడు. చిక్కిపోయాడు. చేతుల్లో ఏమీ లేవు. చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, అంత తెల్లగా ఆ వేళ్లను నేను ఎప్పుడూ చూడలేదు.

"బావ, తప్పయింది" అన్నాడు.

నాయిన ప్రూఫు కాగితాల మీద నుంచి తల ఎత్తాడు. "అన్నం తిన్నవా?"

"లేదు."

"కాళ్లు కడుక్కొని రా."

అమ్మ ముగ్గురికి కంచాలు పెట్టింది. మామకు వడ్డించేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంది. వడ్డించి వంటగదిలోకి పోయింది. మామ ముద్ద కలపగానే నాకు కిరసనాయిలు వాసన వచ్చినట్టయింది. అక్కడ ఆ వాసన లేదు, నాకు తెలుసు. నా కంచం తీసుకుని బయట మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాను. నాయిన మీద కూడా నాకు ఏవగింపు కలిగింది. ఇంత చేసినవాణ్ణి పిలిచి అన్నం పెట్టడమేమిటి, సిగ్గులేని మనిషి అనుకున్నాను.

కాసేపటికి తలుపు చప్పుడైంది. నాయిన తన కంచం ఎడమచేత్తో పట్టుకుని వచ్చి, నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. లోపల మామ ఒక్కడే తింటున్నాడు.

"నువ్వే పిలిచినవ్ కద" అన్నాను.

"అన్నం పెట్టుడు ఏరు, పక్కన కూసొని తినుడు ఏరు బిడ్డా" అన్నాడు.

ఇప్పుడు నా వయసు అప్పటి నాయిన వయసుకు దాదాపు రెట్టింపు. ఆ మాట అన్నప్పుడు ఆయన లోపలున్న మనిషిని చూడలేదు, నన్నూ చూడలేదు. వాన నీళ్లు పారుతున్న వాకిలిని చూశాడు. మామ చేసింది చూసి ఊరుకున్నదాన్ని నేను కదా, మరి నా పక్కన ఎందుకు కూర్చున్నావని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన బతికున్నన్నాళ్లూ అడగలేదు. ఎడమచేత్తో ముద్ద కలపడం ఆయనకు అలవాటు కాలేదు, మెతుకులు కంచం దాటి మెట్టు మీద పడుతున్నాయి. నా చెయ్యి కడుక్కుని, ఆయన కంచం దగ్గరికి లాక్కుని, అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టాను. ఆయన ఒక్కొక్కటే తీసుకుని తిన్నాడు.